హోబర్ట్ బ్యాంజోకి ఐదో బిరడా

గారెట్ నేపియర్ పళ్లు రాలగొట్టాలని డెల్ఫియా స్లోన్ నిర్ణయించుకున్నది మంగళవారం. గురువారానికి మనసు మార్చుకుంది. పళ్లు ఊడితే కట్టించుకోవచ్చు. ఊళ్లో పోయిన పరువుని ఏ డాక్టరూ కట్టడు.

రోడా బార్ ముందు ట్రక్కు ఆపేసరికి సాయంత్రం ఆరు. జూన్ ఎండ ఇంకా కొండ దిగలేదు. పక్క సీట్లో ఆమె తండ్రి హోబర్ట్, కాళ్ల దగ్గర ఆక్సిజన్ సిలిండర్, ముక్కులో సన్నని గొట్టం. బొగ్గు గనిలో ముప్ఫై ఒక్కేళ్లు పనిచేసినవాడికి గని చివరికి ఇచ్చింది ఆ సిలిండర్ ఒక్కటే. ఇద్దరి మధ్యా నిలబెట్టి ఉంది బ్యాంజో పెట్టె.

"నీ మాండొలిన్ ఏదీ?" అన్నాడు హోబర్ట్.

"ఇంట్లో ఉంది."

"నా బ్యాంజో ఎందుకు తెచ్చావు?"

"వాయించడానికి."

హోబర్ట్ కూతురి మొహం చూశాడు. పదేళ్ల వయసులో పక్కింటి కుక్కని రాయితో కొట్టినవాడి వెంట రెండు మైళ్లు పరిగెత్తినప్పుడు ఉన్న మొహమే అది.

"వద్దమ్మా," అన్నాడు. "వాడు నా పేరు మరిచిపోయి ఉంటాడు."

"మరిచిపోలేదు నాన్నా. మింగేశాడు."

మంగళవారం మధ్యాహ్నం ఆమె కౌంటీ బడి బస్సుల షెడ్డులో పనిలో ఉంది. బడి సెలవులు కదా, ఎక్కించుకోవడానికి పిల్లలు లేరు, బాగుచేయడానికి బస్సులున్నాయి. ఏడో నంబరు బస్సు కింద పడుకుని బోల్టు విప్పుతుంటే రేడియోలో గారెట్ గొంతు వినబడింది. అయిదేళ్ల కిందట ఫిడేలు పెట్టె పట్టుకుని పాటల నగరం నాష్‌విల్ వెళ్లిపోయేదాకా, తనతో కలిసి ఉన్న నాలుగేళ్లపాటూ రోజూ వంటింట్లో వినబడిన గొంతే.

"ఇది మా తాతగారి పాటండీ," అంటున్నాడు రేడియోలో. "పేరు 'నేపియర్ నడక'. గనిలో కప్పు కూలి ఆయన కాలు దెబ్బతింది. రెండో చరణం చివర రెండు తాళం దెబ్బలు ఆగుతాం చూడండి, అది ఆయన కుంటి నడక. మా కొండల్లో పాత పాటలు అలాగే వంకరగా ఉంటాయి."

తర్వాత పాట మొదలైంది. మొదటి వరస వినగానే ఆమె చేతిలోని పానా జారి భుజం మీద పడింది. రెండో చరణం చివర సరిగ్గా రెండు దెబ్బల ఖాళీ. మళ్లీ పాట.

అది ఎవరి తాత పాటా కాదు. మూడేళ్ల కిందట వరద వంటింట్లోకి నడుము లోతు వచ్చి పోయాక, బురదలో కుర్చీ వేసుకుని కూర్చుని హోబర్ట్ కట్టిన పాట అది. పొయ్యి వెలిగించడానికి పొడి అగ్గిపుల్ల ఒక్కటి కూడా దొరక్క, 'తడిసిన అగ్గిపుల్లలు' అని పేరు పెట్టాడు. ఆ చలికాలం ఆమె ఫోనులో రికార్డు చేసి గారెట్‌కి పంపింది. 'చూడు, అన్నీ పోయినా మా నాన్న ఇంకా వాయిస్తున్నాడు' అని రాసింది కూడా. వరదకి పలకరించని మనిషి ఆ రికార్డుకి మాత్రం వెంటనే జవాబిచ్చాడు. అబ్బ, ఎంత బాగుందో, అని.

తానే పంపింది. తన చేత్తోనే. కోపంలో సగం అందుకు.

ఆ సాయంత్రమే ఫోన్ చేసింది. గారెట్ నవ్వాడు.

"డెల్ఫీ, పాటలకి యజమానులెవరే? మన గురువారం చుట్టులో ఎవడైనా ఏదైనా వాయించుకోవచ్చని మీ నాన్నే చెప్పేవాడుగా."

"వాయించుకో. ఎవరి దగ్గర నేర్చుకున్నావో చెప్పి వాయించుకో. అది కూడా ఆయనే చెప్పాడు."

"ఇప్పుడు రికార్డు బయటికొచ్చేసింది. పేరు మార్చడం కుదరదు. గురువారం రోడా బార్‌కి వస్తున్నా, నా మీద సినిమా తీస్తున్నారు. నువ్వూ రా, కలిసి వాయిద్దాం. మీ నాన్న ఎలాగూ వాయించడం మానేశాడుగా."

ఆ చివరి మాట దగ్గరే పళ్ల ఆలోచన వచ్చింది.

*

గురువారం రోడా బార్‌లో కొండ సంగీతం, అదే బ్లూగ్రాస్ సాయంత్రం అంటే మధ్య బల్లలు గోడకి జరిపి, వాయించేవాళ్లకి గుండ్రంగా కుర్చీలు వేస్తారు. దాన్నే చుట్టు అంటారు. వేదిక లేదు. జనం చుట్టూ కూర్చుని బీరు తాగుతూ, వేయించిన బొలోనీ మాంసం శాండ్‌విచ్‌లు తింటూ వింటారు. ఇవాళ కుర్చీల మధ్య కొత్తగా పొడవాటి మైకు, ఒక మూల కెమెరా. కెమెరా వెనక పొట్టి జుట్టు అమ్మాయి. పేరు మేరిన్ అట, పట్నం నుంచి వచ్చింది.

బార్ యజమానురాలు రోడా తలుపు దగ్గరే ఎదురొచ్చింది. మొదట హోబర్ట్‌ని కౌగిలించుకుని, తర్వాత డెల్ఫియా మోచెయ్యి పట్టుకుని పక్కకి లాగింది.

"చూడవే, నీ బాధ నాకు తెలుసు. ఇవాళ ఒక్కరోజు నోరు కట్టుకో. సినిమాలో మన బార్ పడుతుంది. పై ఊళ్లనుంచి జనం వస్తారు."

"నేను నోరెత్తను, రోడా."

"ఒట్టు?"

"ఒట్టు. చేతులు మాత్రమే వాడతా."

"డెల్ఫియా!"

"కొట్టడానికి కాదులే, భయపడకు."

మనిషెత్తు బేస్ వాయిద్యం పక్కన నిలబడి ఎస్టిల్ తీగలు సరిచేస్తున్నాడు. ఆ ఊళ్లో అందరికీ బాబాయే, హోబర్ట్‌తో పాటు గనిలో పనిచేసినవాడు. డెల్ఫియాని చూడగానే తల దించుకున్నాడు.

"నువ్వు విన్నావా బాబాయ్, రేడియోలో?"

"ఆదివారమే విన్నా."

"ఆదివారం విని నాకు చెప్పలేదా?"

"చెబితే నువ్వేం చేస్తావో తెలుసు గనక." ఎస్టిల్ గొంతు తగ్గించాడు. "వాళ్ల తాత లూథర్ నేపియర్‌ది మెయిన్ వీధిలో చెప్పుల కొట్టు. జన్మలో గని మొహం చూడలేదు. పైగా బ్యాంజో సైతాను చెక్క అనేవాడు. నా పెళ్లిలో వాయిస్తున్నారని భోజనం చెయ్యకుండా లేచి వెళ్లిపోయాడు."

"మరి ఆ మాట కెమెరాకి చెప్పు."

ఎస్టిల్ మళ్లీ తీగల మీదికి వంగాడు. గిటార్ వాయించే పోస్టుమాస్టర్ కూడా తన తీగల్లోకే చూస్తున్నాడు. ఇక్కడి మర్యాద అదే. ఎదుటివాడు తాళం తప్పినా, అబద్ధమాడినా మొహం మీద అనరు. తలలు దించుకుని మెల్లగా సర్దుకుంటారు. ఇన్నాళ్లూ ఆ మర్యాద డెల్ఫియాకీ నచ్చేది. ఇవాళ చూస్తే పిరికితనంలా కనబడింది.

"మీరెవరూ ఏమీ అనక్కర్లేదు," అంది. "చుట్టు పద్ధతి ప్రకారం నడవండి చాలు. ఎవరు ఎత్తుకుంటే వాళ్ల వెనక."

వెళ్లి తండ్రి కుర్చీలో కూర్చుంది. రెండేళ్లుగా ఆ కుర్చీ ఖాళీ. పెట్టె తెరిచి బ్యాంజో ఒళ్లోకి తీసుకోగానే బార్‌లో మాటలు తగ్గాయి. గోడ పక్కన బల్ల దగ్గర హోబర్ట్ సిలిండర్ సర్దుకుని, చేతులు కట్టుకుని కూర్చున్నాడు.

అప్పుడొచ్చాడు గారెట్. మెరిసే బూట్లు, కొత్త టోపీ, పాత నవ్వు. హోబర్ట్ బల్ల ముందునుంచే నడిచాడు. "ఎలా ఉన్నారు సార్?" అన్నాడు, బ్యాంకులో గుమస్తాని అడిగినట్టు. జవాబు కోసం ఆగలేదు. డెల్ఫియా ఎడంపక్క కుర్చీలో కూర్చుని ఫిడేలు తీశాడు.

"బ్యాంజో పట్టావేంటి డెల్ఫీ? వచ్చా నీకు?"

"కొంచెం."

చుట్టులో పాట పిలిచే హక్కు ఎడంపక్కకి తిరుగుతుంది. పిలిచినవాళ్లు ముందు పాట పేరు, ఎవరి దగ్గర నేర్చుకున్నారో చెబుతారు. తర్వాత ఎత్తుకుంటారు. మిగతావాళ్లు కుడిపక్క నుంచి ఒకరి తర్వాత ఒకరు వాయించే వంతు తీసుకుంటారు. పిలిచినవాళ్లు ఒక కాలు పైకెత్తితే అదే ఆఖరి ఆవర్తం. కాలు లేవనంతసేపు పాట ఆగదు. రాజు వచ్చినా అంతే.

పోస్టుమాస్టర్ ఒక పాత రైలు పాట పిలిచాడు. అది అయింది. చప్పట్లు. వంతు డెల్ఫియాకి వచ్చింది. తర్వాత గారెట్. తన వంతులో 'నేపియర్ నడక' మోగించాలని ఫిడేలుకి అప్పుడే శ్రుతి మార్చుకుంటున్నాడు.

డెల్ఫియా మైకు వైపు వంగింది.

"తడిసిన అగ్గిపుల్లలు. హోబర్ట్ స్లోన్ దగ్గర నేర్చుకున్నా."

రోడా కౌంటర్ వెనక గ్లాసు తుడవడం ఆపేసింది. డెల్ఫియా మొదటి వరస మెల్లగా మీటి చూపించింది. కెమెరా వెనక మేరిన్ తలెత్తింది.

"అరే, ఇది మీ పాటే కదా గారెట్?"

గారెట్ కళ్లు ఒక్క క్షణం చిన్నవయ్యాయి. వెంటనే కెమెరా వైపు తిరిగి నవ్వేశాడు.

"అవును, మా తాత పాటే. ఎక్కడెక్కడికి పాకిందో చూశారా! ఆయనే హోబర్ట్ గారికి నేర్పి ఉంటాడు."

గోడ పక్కన కూర్చున్న మనిషి ఎదుటే అన్నాడు గారెట్ ఆ మాట. హోబర్ట్ నోరు తెరిచాడు, ఊపిరి అందలేదు, మూసుకున్నాడు. డెల్ఫియా బ్యాంజో మెడ ఎంత గట్టిగా పట్టుకుందంటే తీగలు వేళ్లలో దిగాయి. లేచి ఆ బ్యాంజోతోనే వాడి టోపీ మీద ఒక్కటి వేస్తే? కాని అది నాన్న బ్యాంజో. ఆ నెత్తి దానికి తగదు.

ఎత్తుకుంది.

వేగంగా. హోబర్ట్ ఊపిరి బాగున్న రోజుల్లో వాయించినంత వేగంగా. మొదటి చరణం, మళ్లీ మొదటి చరణం, రెండో చరణం. ఎస్టిల్ బేస్ కింద గుండెలా కొడుతోంది. రెండో చరణం చివర దగ్గరపడింది. ఆ రెండు దెబ్బల చోటు.

ఇక్కడ ఎస్టిల్ ఏం చేస్తాడో ఆమెకి తెలియదు. చుట్టుకి ఆగి వాయించడమూ, ఆగకుండా వాయించడమూ రెండూ వచ్చు. అతిథి మీది మొహమాటం కొద్దీ ఆగుతాడా? ఆగితే తానే తాళం తప్పినదవుతుంది, అది కూడా కెమెరా ముందు.

ఆమె ఆగలేదు. నేరుగా మొదటి చరణంలోకి దూకింది.

ఎస్టిల్ బేస్ కూడా ఆగలేదు. పోస్టుమాస్టర్ గిటార్ కూడా. తలలు దించుకునే, ఎవరి వైపూ చూడకుండానే, ముగ్గురూ ఒక్కటిగా దాటేశారు.

పోస్టుమాస్టర్ వంతు అయింది. సాఫీగా. తర్వాత గారెట్.

గారెట్ గొప్ప ఫిడేలుదారు, అందులో అబద్ధం లేదు. కమాను కదిలేసరికి జనం ఈలలు వేశారు. రెండో చరణం చివర అలవాటుగా, అందంగా, కళ్లు మూసుకుని రెండు దెబ్బలు ఆగాడు. కళ్లు తెరిచేసరికి పాట అతన్ని దాటి వెళ్లిపోయింది. అతని ఫిడేలు ఒక చోట, చుట్టు ఇంకో చోట. రెండూ కలిసి పాత రేడియోలో రెండు స్టేషన్లు పట్టినట్టు మోగాయి.

బల్లల దగ్గర ఎవరో కిసుక్కుమన్నారు.

గారెట్ నవ్వి, తల విదిలించి, అందుకున్నాడు. ఇక పాట ముగుస్తుందని డెల్ఫియా కాళ్ల వైపు చూశాడు. రెండు బూట్లూ నేల మీదే ఉన్నాయి.

ఆమె మళ్లీ ఎత్తుకుంది. ఇంకా వేగంగా. పోస్టుమాస్టర్. మళ్లీ గారెట్. ఈసారి అతని దవడ బిగిసింది. ఆగకూడదని గట్టిగా అనుకున్నాడు, చూస్తేనే తెలుస్తోంది. కాని వంద వేదికల మీద అదే చోట ఆగిన చెయ్యి అది. కమాను దానంతటదే ఆగింది. పాట మళ్లీ దాటిపోయింది. ఈసారి జనం బాహాటంగానే నవ్వారు.

కౌంటర్ వెనక నుంచి రోడా కళ్లతోనే బతిమాలుతోంది. కాలెత్తవే. డెల్ఫియా చూడనట్టు ఉంది. వేలి చివర చర్మం చిట్లింది. బ్యాంజో తోలు మీద చిన్న ఎర్ర మరక పడింది.

"కాలెత్తు," అన్నాడు గారెట్ పళ్ల మధ్య నుంచి.

"నీ వంతు వస్తోంది," అంది డెల్ఫియా.

మూడోసారి ఖాళీకి ముందే తడబడ్డాడు. నాలుగోసారి వంతు వచ్చేసరికి ఫిడేలు గడ్డం కిందనుంచి తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. అతని వంతు మొత్తం బేస్ ఒక్కటే మోగింది, ధన్ ధన్ అని, ఖాళీ ఇంటి తలుపు తట్టినట్టు.

అప్పుడు డెల్ఫియా కాలెత్తింది.

*

చప్పట్లు లేవు. గారెట్ లేచి కెమెరా వైపు తిరిగాడు. మొహం కందగడ్డలా ఉంది.

"మేరిన్, ఇది వాడకండి. వీళ్లు తప్పు వాయించారు. ఆ రెండు దెబ్బలు పాటకి ప్రాణం. మా తాత కుంటి నడక తీసేశారు."

"బాబూ."

గోడ పక్కనుంచి వచ్చింది ఆ గొంతు. హోబర్ట్ ఒక్కో మాటకీ ఊపిరి తీసుకుంటున్నాడు. జేబులోంచి తాళాల గుత్తి తీసి బల్ల మీద పెట్టాడు. ట్రక్కు తాళం, ఇంటి తాళం, వాటి మధ్య తీగ బిగించే వేలెడంత బిరడా. చెక్క నిలువునా పగిలి ఉంది. పగుల్లో ఎండిన బురద.

"అది కుంటి కాలు కాదు. ఇదీ."

మేరిన్ కెమెరా భుజానికెత్తుకుని దగ్గరికొచ్చింది. "ఏమిటండీ ఇది?"

"నా బ్యాంజోకి ఐదో తీగ బిరడా. వరద నీళ్లలో... నానింది. ఆ చలికాలమంతా జారిపోయేది. రెండో చరణం అయ్యేసరికి... తీగ వదులయ్యేది. చెయ్యి పైకి పెట్టి తిప్పుకునేవాణ్ణి."

ఇక గాలి చాలలేదు. ఆగిపోయాడు. అప్పుడు ఎస్టిల్ బేస్ గోడకి ఆనించి ముందుకొచ్చాడు. డెబ్భై ఏళ్లలో మొదటిసారి ఒక మనిషి మొహం మీద మాట అనడానికి తల పైకెత్తాడు.

"ఆయన తిప్పుకునేదాకా మేం రెండు దెబ్బలు ఆగేవాళ్లమమ్మా. అంతే. ఏ నడకా కాదు, ఏ సంప్రదాయమూ కాదు. తర్వాత వసంతంలో మా డెల్ఫియా కొత్త బిరడా వేసింది. అప్పట్నుంచి ఆగడం మానేశాం. ఈ అబ్బాయి ఊళ్లో లేడు గనక తెలియలేదు. రికార్డులో ఏది వినబడితే అది ఎత్తుకుపోయాడు, పగిలిన బిరడాతో సహా."

"మా తాత—" అన్నాడు గారెట్.

"మీ తాత నాకు పెళ్లి బూట్లు అమ్మాడ్రా. రెండూ ఎడమవే ఇచ్చాడు. ఆ కథ చెప్పమంటావా కెమెరాకి?"

బార్ అంతా ఒక్కసారి పగలబడింది. డెల్ఫియా నవ్వలేదు. ఆమెకి కావలసింది నవ్వు కాదు. ఒక్క వాక్యం. చుట్టులో కూర్చున్న ప్రతివాడూ చెప్పే వాక్యం.

"ఎవరి దగ్గర నేర్చుకున్నావు గారెట్?"

"బయటికి రా, మాట్లాడుకుందాం."

"ఇక్కడే. మైకు ఇక్కడే ఉంది."

గారెట్ తలుపు వైపు చూశాడు. కుర్చీలు దగ్గర దగ్గరగా ఉన్నాయి, ఎవరూ జరగలేదు. మేరిన్ కెమెరా బిరడా మీదనుంచి మెల్లగా లేచి అతని మొహం మీదికి వచ్చింది.

"నేనూ అడుగుతున్నా," అందామె. "ఎవరి దగ్గర నేర్చుకున్నారు?"

బూట్లకి చెప్పుకున్నట్టు అన్నాడు గారెట్. "హోబర్ట్ స్లోన్."

"క్షమించండి, గ్లాసుల చప్పుడు పడింది. ఇంకోసారి."

"హోబర్ట్ స్లోన్ దగ్గర."

"తలెత్తి చెబుతారా? టోపీ నీడ పడుతోంది. పాట పేరు కూడా కలిపి."

గారెట్ టోపీ తీశాడు. "తడిసిన అగ్గిపుల్లలు. హోబర్ట్ స్లోన్ దగ్గర నేర్చుకున్నాను."

డెల్ఫియా ఆ మాట కోసం రెండు రోజులుగా పళ్లు నూరుతూ ఉంది. వింటే గుండె బరువు దిగుతుందనుకుంది. దిగలేదు. రెండేళ్లుగా రాత్రీ పగలూ గాలి కోసం కొట్టుకునే మనిషి చేత ఇన్ని మాటలు మాట్లాడించాడే వీడు, అని ఇంకా మండింది.

"సరే," అంది. "ఇప్పుడు నీ వంతు. పాట పిలువు."

పద్ధతి ప్రకారం అందరూ ఎదురుచూశారు. అతనికి వెయ్యి పాటలు వచ్చు. ఒక్కటీ నోటికి రాలేదు. ఫిడేలు పెట్టెలో పెట్టి, ఒక్కో కుర్చీనీ జరగమని అడుగుతూ, దారి చేసుకుంటూ బయటికి నడిచాడు.

అతని కుర్చీ ఖాళీగా ఉంది. రోడా కౌంటర్ వెనకనుంచి వచ్చి, హోబర్ట్ చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి అందులో కూర్చోబెట్టింది. సిలిండర్ తనే లాక్కొచ్చింది. డెల్ఫియా బ్యాంజో ఇచ్చింది. ఆయన తోలు మీది రక్తపు మరక చూసి, బొటనవేలితో తుడిచాడు.

"అదే పాట," అన్నాడు. "మెల్లగా."

"ఎవరి దగ్గర నేర్చుకున్నావు హోబర్ట్?" అన్నాడు ఎస్టిల్ నవ్వుతూ.

"ఎవడి దగ్గరా లేదురా. బురదలో కూర్చుని నేనే కట్టా."

ఎత్తుకున్నాడు. వేళ్లు బిగుసుకుపోయాయి, అయినా దారి మరిచిపోలేదు. మొదటి చరణం, మళ్లీ మొదటి చరణం. రెండో చరణం చివరికి వచ్చేసరికి బిరడా జారలేదుగాని ఊపిరి అందలేదు. చెయ్యి తీగల మీదే ఆగిపోయింది.

ఎస్టిల్ ఆగాడు. పోస్టుమాస్టర్ ఆగాడు. రెండు దెబ్బలు.

హోబర్ట్ గాలి పీల్చుకుని మొదటి చరణంలోకి వెళ్లాడు. వాళ్లూ వెళ్లారు.

బయట కారు స్టార్టయిన చప్పుడు వినబడింది. డెల్ఫియా కిటికీ వైపు తిరగలేదు. తిరిగితే వాడి పళ్ల సంగతి మళ్లీ గుర్తొస్తుంది.